బెంచీ మీద రుమాళ్ళు

జూన్ 2

బావగారికి,

షాపులోంచి నీ బావమరిది రాసేది. నువ్వు కదిలే బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి "షట్టర్ ఎడమపక్క తన్నితేగానీ దిగదురోయ్" అని అరిచావు చూడు, బస్సులో వాళ్ళంతా నన్ను చూసి నవ్వారు. ఆ మాట పొద్దున్నించీ నాలుగుసార్లు చెప్పావు మహానుభావా! తన్నాను, దిగింది. ఇక నీ ప్రాణం కుదుటపడిందా?

విచిత్రం చూడు. మా ఏసీ సెలూన్‌లో ఏడాదికోసారి జీతంతో సెలవిస్తారు. ఆ సెలవు తీసుకొచ్చి నీ షాపులో నిలబడి కత్తెర ఆడిస్తున్నాను. నేనేమో సెలవు పెట్టి పని చేస్తున్నాను, నువ్వేమో పని మానేసి సెలవంటే ఏంటని అక్క ప్రాణం తీస్తూ ఉంటావు. ఇద్దరం చెడ్డాం.

షాపు గురించి బెంగ వద్దు. నీ రుమాళ్ళ పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది. మా దగ్గర టోకెన్లు, మైకులో పిలవడాలు, నానా హడావిడి. ఇక్కడ ఎవరొచ్చినా జేబులోంచి రుమాలు తీసి బెంచీ మీద పరిచి టీకి పోతారు, వాళ్ళ వంతు ఎవడూ ముట్టుకోడు. ఒట్టు, ఇవాళ పదింటికల్లా బెంచీ నిండిపోయింది. ఇంక చోటు లేదు.

రెండు వారాలు హాయిగా ఉండు. మీ లాడ్జిలో ఫోను ఓనరు బల్ల మీద ఒకటే ఉందటగా, దాన్ని పట్టుకుని వేలాడకు. నువ్వు మాట్లాడితే అవతలివాళ్ళకి ఫోను అక్కర్లేదని అక్క ఎప్పుడూ అంటుంది. ఉత్తరం రాయి చాలు.

నీ గొంతు లేక కాస్త ప్రశాంతంగా ఉన్న,
బావమరిది

జూన్ 5

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం అందింది. బెంచీ నిండిందన్నావు, బతికించావు.

ఇక్కడ సముద్రం ఉంది. మీ అక్క చూడమంది, చూశాను. పావుగంటలో అయిపోయింది. ఇంకేం చూడాలిరా దాంట్లో? వచ్చిన అలే మళ్ళీ వస్తోంది. జనం మాత్రం కుర్చీలు వేసుకుని గంటలు గంటలు దానివైపే చూస్తున్నారు. నా పక్కన ఒకాయన కూర్చుని "మీరు ఎన్నాళ్ళు సెలవు?" అన్నాడు. నాకు సెలవు ఇచ్చేవాడెవడు, నేనే ఇచ్చుకోవాలి అన్నాను. "అదృష్టవంతులు, మీ ఇష్టం వచ్చినప్పుడు పెట్టుకోవచ్చు" అన్నాడు! ఏం చెప్పను వాడికి? షాపు తెరిచిన నాటినుంచీ నాకు తెలిసిన సెలవు ఒకటే, జ్వరం. అదైనా కాస్త తగ్గగానే షట్టర్ ఎత్తేవాణ్ణి.

పక్కగది పెద్దమనిషి మెడ వెనక జుట్టు ఎవడు తీశాడో గానీ, మెట్లు మెట్లుగా దిగింది. టిఫిన్ దగ్గర ఆయన నా ముందు కూర్చుంటాడు. రెండు నిమిషాల పని, సరిచేసి పెడతానని లేవబోతే మీ అక్క చొక్కా పట్టుకుని లాగింది. ఆ చొక్కా గుండీ ఊడింది.

ఇక అసలు సంగతి. రెండు మాటలు గుర్తుపెట్టుకో. టైలర్ వస్తే కుర్చీ అద్దానికి ఎదురుగా పెట్టకు, గోడవైపు తిప్పు. భార్య పోయినప్పటినుంచీ ఆయన అద్దంలో చూసుకోడు. అంతా అయ్యాక చేత్తో తల తడుముకుంటాడు, బాగుంటే దగ్గుతాడు. రెండోది, వారానికోసారి షాపు మూసే రోజున మంచంపట్టిన మాస్టారింటికి వెళ్ళాలి. నీళ్ళు వాళ్ళమ్మాయి కాచి ఇస్తుంది. కుడి చెంపతో మొదలుపెట్టు, ఎడమవైపు ఆయనకి స్పర్శ లేదు, ముందే అటు పెడితే కంగారుపడతారు. చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. ఆయన జవాబివ్వరు, నువ్వు ఆపావంటే మాత్రం కళ్ళు తెరిచి చూస్తారు.

ఆయన ఎలా ఉన్నారో తప్పకుండా రాయి. మొహం సరిగ్గా చూసి రాయి.

మీ బావ

జూన్ 9

బావగారికి,

ముందు ఒక మాట. నీ ఉత్తరం పడవలో కూర్చుని రాశావా? ఆ అక్షరాలేంటి బావా, ఒక్కటీ గీత మీద లేదు. "టైలర్" అని చదవడానికి నాకూ పక్కషాపు పాలాయనకీ కలిపి టీ చల్లారేంత సేపు పట్టింది. సముద్రం గాలికి చెయ్యి కూడా సెలవు తీసుకుందా ఏంటి?

ఇక్కడ అంతా దివ్యంగా ఉంది. టైలర్ వచ్చాడు, కుర్చీ గోడవైపు తిప్పాను, దగ్గాడు. ఒకసారి కాదు, రెండుసార్లు! పోస్టుమాన్ వచ్చాడు. నువ్వు చెవుల వెనక ఎప్పుడూ కాస్త వదిలేస్తావట, నేను శుభ్రంగా తీశానట. బెంచీ రోజూ నిండుగానే ఉంది. నిన్న ఒకాయన నిలబడే ఉన్నాడు పాపం.

మాస్టారింటికి వెళ్ళాను. కుడి చెంపతోనే మొదలుపెట్టాను. నోరు మూయలేదు, మా సెలూన్ మేనేజరు విగ్గు కథంతా చెప్పాను. అయ్యాక ఆయన ఏమన్నారో తెలుసా? "నీ చెయ్యి మెత్తగా ఉంది" అన్నారు. మాట్లాడరన్నావు, మాట్లాడారు! మొహం నున్నగా మెరిసిపోతోంది, నీకేం బెంగ అక్కర్లేదు.

అసలు ఇలాగే ఉంటే నువ్వు రాకపోయినా ఫరవాలేదంటున్నారు జనం. చూసుకో, తిరిగొచ్చేసరికి బోర్డు మీద బావ పేరు పోయి బావమరిది పేరు ఉంటుంది!

నీ కుర్చీకి ఎసరు పెడుతున్న,
బావమరిది

జూన్ 13

ఒరేయ్,

ఉత్తరం చేరింది. సంతోషం.

మాస్టారు నీ చెయ్యి మెత్తగా ఉందన్నారంటే ఉన్నట్టే. ఆయన ఊరికే అనరు. నా చెయ్యి గురించి ఇన్నేళ్ళలో ఒక్కమాట అన్లేదు.

అద్దం కింద సొరుగులో వెనకగా గుడ్డలో చుట్టి కత్తి ఉంటుంది, ఎముక పిడిది. మా నాన్నది. అది తీసి వాడు. దాని పదును పోకుండా రోజూ తోలుపట్టీ మీద నాలుగు తిప్పులు తిప్పు. ఊరికే ఉంటే తుప్పు పడుతుంది.

మీ అక్క ఇంకో వారం ఉందామంటోంది. ఉందాం అన్నాను. ఆవిడే ఆశ్చర్యపోయింది. నీకు ఇబ్బంది లేకపోతేనే.

బావ

జూన్ 17

బావా!

ఇంకో వారమా! నువ్వేనా రాసింది? అక్క నీ చెయ్యి పట్టుకుని రాయించలేదు కదా? ఈ ఉత్తరం దాచిపెడతాను, పిల్లలకి చూపిస్తాను, మీ మామయ్య ఒకసారి తనంతట తానే సెలవు పొడిగించాడర్రా అని.

నాకేం ఇబ్బంది లేదు. మా మేనేజరుతో మాట్లాడాను, గొణిగాడు, ఒప్పుకున్నాడు. నువ్వు వారం కాదు, నెల ఉండు. బస్సెక్కేటప్పుడు అక్క నా చెవిలో చెప్పిందే వేరే ఉత్తరంలో మళ్ళీ రాసింది. "మీ బావకి ఇప్పుడు విశ్రాంతి కావాలి, షాపులో ఈగ వాలినా రాయకు, పరిగెత్తుకొచ్చేస్తారు" అని. ఈగలు కూడా క్షేమం బావా.

మాస్టారింటికి మళ్ళీ వెళ్ళొచ్చాను. ఈసారి ఆయన నవ్వారు. వాళ్ళమ్మాయి అంది, "నాన్నకి మీరంటే ధైర్యంగా ఉంది, అదురు లేకుండా కూర్చుంటున్నారు" అని. చూశావా నా ప్రతాపం? ఎముక పిడి కత్తి అద్భుతంగా ఉంది, వెన్న మీద జారినట్టు జారుతోంది. ఇలాంటి కత్తిని సొరుగులో ఎందుకు దాచావు, పిసినారీ?

నిశ్చింతగా ఉండు. నీ అవసరం ఇక్కడ ఎవరికీ లేదు, హాయిగా సముద్రం చూసుకో.

నీ
బావమరిది

జూన్ 22

చిరంజీవి బావమరిదికి,

ఈ ఉత్తరం మూడు రోజుల్నుంచి రాస్తున్నాను. ఎగతాళి చెయ్యకుండా చదువు.

నా రాత గురించి నువ్వు వేళాకోళం చేశావు. అది గాలి కాదురా. చలికాలంనుంచీ కుడిచెయ్యి వణుకుతోంది. మొదట్లో టీ గ్లాసు పట్టుకుంటేనే. తర్వాత కత్తెర. జనం కనిపెట్టకుండా మోచెయ్యి కుర్చీకి ఆనించి లాక్కొచ్చాను. డాక్టరు మందు రాశాడు, విశ్రాంతి ఇచ్చి చూడమన్నాడు. నీకు చెప్పొద్దని మీ అక్క చేత నేనే ఒట్టు వేయించుకున్నాను. ఆవిణ్ణి ఏమీ అనకు.

బయల్దేరే ముందు వారం మాస్టారి చెంప కోశాను. ఎడమవైపు. ఆయనకి తెలీదు కదా, నెత్తురు మెడ మీదికి వచ్చేదాకా కదల్లేదు. వాళ్ళమ్మాయి చూసింది. ఏమీ అనకుండా దూది తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల నాలుగు తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను రా. మర్నాడే మీ అక్క బస్సు టిక్కెట్లు తెప్పించింది.

సెలవని నీకు చెప్పాం గానీ, నేను ఇక్కడికి వచ్చింది తేల్చుకోవడానికి. చెయ్యి కుదిరితే సరే. కుదరకపోతే ఏం చెయ్యాలి? ఒకటి అనుకున్నాను. కత్తి పట్టలేకపోయినా షాపులో ఒక మూల స్టూలు మీద కూర్చుంటాను, నువ్వో ఇంకెవరో పని చేస్తారు, నేను వచ్చినవాళ్ళతో మాట్లాడతాను. వాళ్ళు నన్ను అడుగుతున్నారంటే చాలు, వెళ్ళి కూర్చుంటాను అనుకున్నాను. అందుకే నీ ఉత్తరాల కోసం రోజూ లాడ్జి గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఒక్కడైనా "ఆయనెప్పుడు వస్తాడు" అన్నాడని రాస్తావేమోనని ప్రతీదీ రెండుసార్లు చదివాను. టైలర్ అడిగాడేమో, పోస్టుమాన్ అడిగాడేమో అని.

ఎవరూ అడగలేదు. మంచిదే. ఇది నిష్ఠూరం కాదు. పని బాగా చేస్తే అడగరు, వాళ్ళకి కావలసింది తల కుదురుగా ఉండటం. మాస్టారు నా చేతికింద ఇన్నాళ్ళూ అదురుతూ కూర్చున్నారని మాత్రం తెలీదు.

చెయ్యి కుదర్లేదు. షాపు అద్దెకిచ్చిన ఓనరుకి నిన్ననే రాసేశాను, ఇకనుంచి షాపు నీ పేరున అని. ఇక్కడ లాడ్జివాడు వెనక గది అద్దెకిస్తానన్నాడు, మీ అక్కకి ఈ గాలి పడింది, ఉండిపోతాం. మా సామాను ఎప్పుడైనా వీలున్నప్పుడు పంపు. కుర్చీ నీది. ఎవరో బయటివాడు కూర్చుంటే బాధగా ఉండేదేమో, నువ్వు కాబట్టి నిజంగా సంతోషంగా ఉంది.

టైలర్‌కి కుర్చీ తిప్పడం మర్చిపోకు.

బావ

జూన్ 25

బావా, బావా,

నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

నేను రాసినవన్నీ అబద్ధాలు. అన్నీ. అక్క ఈగ వాలినా రాయకన్నది కదా, నువ్వు విశ్రాంతిగా ఉంటావని, ఇంకొంచెం నా గొప్పకి, నోటికొచ్చింది రాశాను. నీ చేతి సంగతి తెలిస్తే రాస్తానా! నీ రాతని కూడా వెక్కిరించాను. నా నోరు పడిపోను.

మొదటి రోజు ఏం జరిగిందో విను. పొద్దున షట్టర్ ఎత్తగానే పాలాయన వచ్చాడు. నన్ను చూశాడు, "ఆయనేడీ?" అన్నాడు. సెలవు మీద వెళ్ళాడన్నాను. నమ్మలేదు! "ఆయనకి సెలవేంటి, ఒంట్లో బాగానే ఉందా?" అని రెండుసార్లు అడిగాడు. బాగానే ఉంది, రెండు వారాల్లో వస్తాడు అన్నాను. "అయితే వచ్చాకే" అని రుమాలు తీసి బెంచీ మీద పరిచి వెళ్ళిపోయాడు. టీకి కాదు బావా, ఇంటికి. తర్వాత పోస్టుమాన్, అదే వరస. తర్వాత టైలర్. ఆయన లోపలికి కూడా రాలేదు, గుమ్మంలో నిలబడి నీ కుర్చీవైపు చూసి, రుమాలు నా చేతికిచ్చి "చివరి చోటు నాది" అన్నాడు. బెంచీ నిండిపోయిందని రాశాను చూడు, అది రుమాళ్ళతో నిండింది. మనిషన్నవాడు కూర్చోలేదు. ఇన్నాళ్ళూ నేను చేసిన పని పేపరు చదవడం. ఊళ్ళో సగం మంది మెడల మీద జుట్టు వేసుకుని తిరుగుతున్నారు.

మాస్టారు నన్ను ముట్టుకోనివ్వలేదు. నురగ పూసిన బ్రష్ దగ్గరికి తీసుకెళ్ళగానే మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. మాట్లాడింది నిజం, నేను రాసింది మాత్రం కాదు. "వాడేడి?" అన్నారు. రెండోసారి వెళ్తే గడ్డం గుప్పెడు ఉంది, మళ్ళీ అదే మాట. నీ ఉత్తరం రాగానే నిన్న పరిగెత్తుకెళ్ళి ఆ గాటు సంగతి అడిగాను. వాళ్ళమ్మాయి చెప్పింది, "తిట్టడానికి నోరు రాలేదండీ, ఆయన చెయ్యి అలా వణుకుతుంటే నాకే ఏడుపొచ్చింది" అని. మాస్టారు మంచంలోంచి ఏమన్నారో తెలుసా? "కోస్తే కోశాడు, నా మొహమేగా. నేనేం పెళ్ళికొడుకునా?" అన్నారు. ఇది నేను కల్పించింది కాదు. కల్పించడం చేతనైతే ఇంత కథ వచ్చేదా?

ఎముక పిడి కత్తి ఇంతవరకూ ఎవరి చెంపా తాకలేదు. దాన్ని నా గడ్డానికే వాడాను.

షాపు ఓనరు వచ్చాడు, నీ ఉత్తరం చూపించాడు. నాకొద్దన్నాను. ఈ నెలాఖరుదాకా ఆగుతానన్నాడు. వచ్చెయ్ బావా. పని చెయ్యకు, నేను మా ఉద్యోగం మానేసి వచ్చి నిలబడతాను, నువ్వు స్టూలు మీద కూర్చో. నువ్వు అక్కడ ఉంటేనే వాళ్ళు నా కుర్చీలో కూర్చుంటారు. నమ్మకపోతే, ఈగ వాలినా రాయొద్దని నాకు చెప్పిందో లేదో అక్కనడుగు.

ఆ రుమాళ్ళన్నీ ఈ పార్సిల్లో పంపుతున్నాను. నా మాట నమ్మకపోయినా వాటిని నమ్ము. బెంచీ మీద దుమ్ము పట్టి, ఒకటి రెండు చెమట వాసన కొడుతుంటే నీకు అలా పంపడం బాగోదని, శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేయించాను.

నీ కోసం షట్టర్ ఎత్తి కూర్చున్న,
వెధవ బావమరిది

జూలై 1

చిరంజీవి బావమరిదికి మీ బావ ఆశీస్సులు.

నేను చెబుతుంటే మీ అక్క రాస్తోంది. నా రాతతో నిన్ను మళ్ళీ కష్టపెట్టడం దేనికి?

నీ ఉత్తరం చదివాను. చదివి మీ అక్క ముందే ఏడ్చాను, నవ్వాను కూడా. ఇంత మంచివాడివిరా నువ్వు. చిన్నప్పుడు మా పెళ్ళిలో నా చెప్పులు దాచి, నేను వట్టికాళ్ళతో నిలబడితే జాలేసి నువ్వే తెచ్చి తొడిగావు. అప్పుడూ ఇంతే, ఏడిపించడం నువ్వే, ఓదార్చడం నువ్వే.

కానీ నేను అంత పిచ్చివాణ్ణి కాదు. నా చేతి సంగతి తెలియక ముందు రాసినవి మూడు ఉత్తరాలు. తెలిశాక రాసింది ఒకటి. ఏది నిజమో తెలీదా నాకు? జబ్బు మనిషిని ఓదార్చడానికి ఎవరైనా ఇలాగే రాస్తారు. నీ స్థానంలో నేనున్నా ఇదే రాసేవాణ్ణి, ఇంత బాగా రాయలేకపోదును గానీ. ఆ పెళ్ళికొడుకు మాట మాస్టారిది కాదు, అచ్చం నీదే.

మీ అక్కనడగమన్నావు, అడిగాను. నువ్వు చెప్పిందే నిజమంది. ఆవిడ ఎప్పుడు నీ పక్షం కాదు?

రుమాళ్ళు అందాయి. ఒక్కొక్కటీ తీసి చూశాను. ఉతక్కుండా పంపి ఉంటే కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణిరా ఏది ఎవరిదో. టైలర్‌ది మిషన్ ఆయిల్ వాసన, పోస్టుమాన్‌ది జిగురు, పాలాయనది చెప్పక్కర్లేదు. ఇవన్నీ సబ్బు వాసన వేస్తున్నాయి. తెల్లగా, కొత్తగా ఉన్నాయి. నా కోసం ఎక్కడ కొన్నావో గానీ, ఇంత శ్రమ పడొద్దు.

షాపు వద్దనకు. మాస్టారింటికి మానకు. కుడి చెంపతో మొదలుపెట్టు, ఆయనకి నీ చెయ్యి నచ్చిందన్నావుగా.

మీ బావ

తమ్ముడూ, ఇక్కణ్ణుంచి నా మాటలు. మీ బావ అవతల వరండాలోకి వెళ్ళారు.

ఎంత చెప్పినా వినలేదురా. ఒట్టు పెట్టాను, పోట్లాడాను, ఒక పూట అన్నం మానేశాను. నవ్వి నా తల నిమిరారు. బస్సెక్కుదాం, మీ కళ్ళతో మీరే చూడండి అన్నాను. "వెళ్ళాక ఎవరూ అడక్కపోతే అప్పుడేం చెయ్యను?" అన్నారు. ఈగ సంగతి రాయొద్దన్నది నేనే, నిన్నేమని అంటాను? నువ్వు రా. వచ్చి పాలాయన్నో టైలర్‌నో వెంట తీసుకురాగలిగితే తీసుకురా. అప్పుడైనా నమ్ముతారో లేదో నాకు తెలీదు.

పొద్దున్నే ఆయన గడ్డం నేనే గీస్తున్నాను. నాకు చేతకాదు, రెండుచోట్ల గీరుకుంది కూడా. కళ్ళు మూసుకుని కూర్చుంటారు, మాట్లాడుతూ ఉండమంటారు.

ఇంకొకటి చెప్పాలి. ఆ రుమాళ్ళు నమ్మనన్నారు కదా. రోజూ టిఫిన్ అవగానే వాటిని పట్టుకెళ్ళి వరండాలో బెంచీ మీద వరసగా పరుస్తారు. గాలికి ఎగిరితే లేచి వెళ్ళి తెచ్చి మళ్ళీ పరుస్తారు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటారు. నిన్న లాడ్జికి కొత్తగా వచ్చిన ఒకాయన ఒకటి పక్కకి జరిపి కూర్చోబోతే, "అక్కడ మనిషి ఉన్నాడండీ" అన్నారు.

అక్క